కోత, వెల్డింగ్ లేకుండా పాత షెవ్రొలే పికప్‌ను కిందికి దించిన రావులపాలెం కమాన్ కట్టల షాపు

రావులపాలెంలో జాతీయ రహదారి దిగి కొత్తపేట వైపు తిరిగాక, ఇటుక లారీలూ అరటిగెలల వ్యాన్లూ వరుసగా ఆగి ఉండే చోట ఒక కమాన్ కట్టల (ఉక్కు పట్టాలను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన బండి స్ప్రింగుల) షాపు ఉంది. దానికి పేరంటూ లేదు. రేకు మీద తెల్లరంగుతో "ఇచ్చట అన్ని రకముల కమాన్ కట్టలు చేయబడును" అని మాత్రం రాసి ఉంటుంది. కోనసీమలో లారీలు, ట్రాక్టర్ ట్రక్కులు నడిపేవారిలో ఆ షాపు తెలియనివారు అరుదు. మా ఇంటి 1951 నాటి షెవ్రొలే 3100 పికప్ ముందు భాగాన్ని కిందికి దించే పని వారికి అప్పగించాను. పని పూర్తయ్యాక బండి ఒక వానాకాలం, ఒక సంక్రాంతి చూసింది కాబట్టి, ఇప్పుడు ఆ పని మంచి చెడ్డలు చెప్పగలననే నమ్మకంతో ఈ సమీక్ష రాస్తున్నాను. గోదావరి డెల్టాలో పాత పికప్ ఉండి, దాన్ని కొంచెం నేలకు దగ్గరగా చూసుకోవాలనే కోరిక ఉన్నవారు, విదేశాల నుంచి కొత్త సస్పెన్షన్ కిట్టు తెప్పించే ముందు ఈ షాపులో ఒకసారి మాట్లాడి చూడాలని నా గట్టి అభిప్రాయం.

ముందుగా బండి సంగతి చెప్పాలి. జనరల్ మోటార్స్ సంస్థ 1928లో బొంబాయిలోని శివ్డీలో కర్మాగారం పెట్టి, ఓడల్లో విడిభాగాలుగా వచ్చిన షెవ్రొలే కార్లనూ ట్రక్కులనూ అక్కడ బిగించి 1954 దాకా మన దేశంలో అమ్మింది. మా పికప్ అలా వచ్చిన కుడివైపు స్టీరింగు బండి. 3100 అంటే అర టన్ను తరగతి. వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, 116 అంగుళాలు; ఇంజను ఆరు సిలిండర్లది, 216 క్యూబిక్ అంగుళాలది. 1947 మధ్యలో మొదలై 1955 ఆరంభం వరకు సాగిన ఈ నమూనాలో ముందు సస్పెన్షన్ చాలా సాదాగా ఉంటుంది. ఐ ఆకారంలో ఫోర్జింగ్ చేసిన ఒక ఇరుసు, దాని మీద ఇరువైపులా ఒక్కొక్క కమాన్ కట్ట, రెండు చివర్లా చక్రాలు పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్నులు, అంతే. మా తాతగారి కాలంలో ఈ బండి ధాన్యం బస్తాలూ కొబ్బరికాయలూ మోసింది. ఆనాటి ఏటిగట్టు దారులకు, ఆ బరువులకు తట్టుకోవాలని ఎవరో లారీ పట్టాలు కోసి తెచ్చి కట్టల్లో అదనంగా దూర్చారు. దాంతో బండి ముక్కు పైకెత్తి నిలబడేది. ముందు మడ్‌గార్డు అంచుకూ టైరుకూ నడుమ అరచేతిని నిలువుగా పెట్టినా ఇంకా ఖాళీ మిగిలేది. చూపుకు బాగుండకపోవడం ఒక్కటే కాదు, ముందు కట్టలు బిగుసుకుపోయి, చిన్న గుంతకే స్టీరింగు చేతిని తన్నేది. దిండి, చించినాడల మధ్య వంతెన మీద గోదావరి గాలి పక్కనుంచి కొట్టినప్పుడు బండిని ఒక గీత మీద నిలపడం కష్టమయ్యేది.

ఇటువంటి ట్రక్కును దించాలంటే అమెరికాలో చాలామంది తలచుకునే దారి వేరు. 1974 నుంచి 1978 వరకు వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ టూ కారు ముందు సస్పెన్షన్ అక్కడి పాత ట్రక్కులవారికి దాదాపు ప్రామాణికమైంది. పైన ఒక ఆర్ము, కింద ఒక ఆర్ము, నడుమ కాయిల్ స్ప్రింగు, దానికి తోడు రాక్ అండ్ పినియన్ స్టీరింగు, ఇవన్నీ చిన్న చోటులో కుదురుకోవడం వల్ల దాన్ని వేరే ఛాసీకి, అంటే వేరే బండి అడుగు చట్రానికి, ఎక్కించడం వీలైంది. ఇప్పుడు అదే నమూనాలో మరింత బలంగా తయారుచేసిన కొత్త కిట్లు అమ్ముతున్నారు. 1965 తర్వాతి ఫోర్డ్ ఎఫ్ 100 ఉన్నవారైతే, 2003 నుంచి 2011 వరకు వచ్చిన క్రౌన్ విక్టోరియా కారు అల్యూమినియం క్రాస్‌మెంబర్‌ను (ఛాసీకి అడ్డంగా ఉండే దూలాన్ని) సస్పెన్షన్, స్టీరింగుతో సహా విప్పి తమ ట్రక్కు కింద బిగిస్తున్నారు. ఈ మార్పు వల్ల వచ్చే మేలును నేను తక్కువ చేసి చెప్పడం లేదు. ఒక చక్రం గుంతలో పడితే రెండో చక్రానికి ఆ కుదుపు అంతగా చేరదు, డిస్కు బ్రేకులు వస్తాయి, స్టీరింగు తేలికవుతుంది, బండి ఎంత కావాలంటే అంత దిగుతుంది. సాఫీగా పరచిన రోడ్ల మీద, ఎడమవైపు స్టీరింగు బండ్ల మధ్య పుట్టిన పరిష్కారం అది. అక్కడ అది సరైనదే.

మన దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. ఆ కిట్లలో ఎక్కువ భాగం ఎడమవైపు స్టీరింగుకు తయారైనవి. కుడివైపు బండికి రాక్ వేరే కావాలి, కాలమ్ నుంచి రాక్ దాకా వచ్చే షాఫ్టు దారి వేరే కావాలి. ముందు చక్రాల హబ్బులు ఐదు బోల్టులవి వస్తే, ఆరు బోల్టుల వెనక చక్రాలతో స్టెప్నీ కలవదు. ఏదైనా బాల్ జాయింటో రబ్బరు బుష్షో పోతే అమలాపురంలో దొరకదు కనుక పార్సిలు వచ్చేదాకా బండి షెడ్డులో నిలబడాలి. వీటన్నిటికంటే నన్ను వెనక్కి లాగింది మరొకటి. ఆ కిట్టు బిగించాలంటే ఛాసీ ముందు భాగంలోని పాత కమాన్ బ్రాకెట్లను గ్రైండరుతో కోసి తీసేయాలి, కొత్త క్రాస్‌మెంబర్‌ను వెల్డింగ్ చేయాలి, దాని బలం కోసం ఛాసీ లోపలి వైపును రేకులతో మూయాలి. ఒకసారి కోశాక ఆ ఛాసీ మళ్ళీ బొంబాయిలో బిగించిన ఛాసీ కాదు.

ఇది అభిమానం మాట మాత్రమే కాదు, చట్టం మాట కూడా. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టులోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యే విధంగా యజమాని బండిని మార్చకూడదు. 2019 సవరణతో చేరిన 182ఎ సెక్షను, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చని చెబుతోంది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు, మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసీలో గాని బాడీలో గాని ఇంజనులో గాని పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో నిలిచిన సొంత బండ్లకే వర్తిస్తాయి. అటువంటి బండ్లకు 20,000 రూపాయల రుసుముతో "విఎ" అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. ఆ నంబరుకు దరఖాస్తు పెట్టాలనుకునేవారు ఛాసీ మీద కోత పెట్టించడమంటే తమ అర్హతను తామే పోగొట్టుకోవడమే. కట్టల పనికైనా సరే, ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిదని నా సలహా.

అందువల్ల నేను షాపువారికి పెట్టిన షరతు ఒక్కటే. బండి దిగాలి, కాని బోల్టు విప్పితే మళ్ళీ పాత స్థితికి రాగలగాలి. అమెరికాలో డ్రాప్ యాక్సిల్ అని ఇంకో పద్ధతి ఉంది. ఇరుసు నడిమి భాగాన్ని కిందికి ఉంచి రెండు చివర్లనూ మూడు నాలుగు అంగుళాలు పైకి వంచితే, కట్టలు కూర్చునే చోటు దిగి బండి కిందికి వస్తుంది. కొత్తగా తయారుచేసినవీ, పాత ఇరుసునే కాల్చి వంచినవీ రెండు రకాలూ ఉన్నాయి. మా పాత ఇరుసును అలా వంచడం కుదురుతుందా అని నేను మాటవరసకు అడిగాను. మేస్త్రిగారు ఇరుసు మీద చెయ్యి వేసి, "దీనికి నిప్పు చూపించే పని నేను చెయ్యనండి. తయారైనప్పుడు ఎక్కిన పదును పోద్దండి, దాన్ని మళ్ళీ ఎక్కించే సరంజామా నా దగ్గర లేదండి. కట్టలో ఎంత దిగుద్దో అంత దింపుతానండి" అన్నారు. డబ్బు వచ్చే పనిని కాదని చెప్పిన ఆ మాటతోనే నాకు షాపు మీద గురి కుదిరింది. ముందు ఇరుసు విరగడమంటే స్టీరింగు చేతిలో ఉండగానే చక్రం పక్కకు పోవడం. ఆ పనిని అడగ్గానే ఒప్పుకునే చోటు ఎక్కడైనా ఉంటే అక్కడ బండి వదలకుండా రావడమే క్షేమం.

కట్టలో దించడానికి రెండు దారులున్నాయి. పట్టాలు తీసేయడం మొదటిది. దారి పక్కన పని చేయించేవారిలో ఎక్కువమంది చేయించేది ఇదే. మా కట్టల్లో అదనంగా దూర్చిన లారీ పట్టాలు తీసేయడం న్యాయమే, ఎందుకంటే అవి ఆ బండివి కావు. వాటిని తీయగానే బండి దాదాపు 2 అంగుళాలు దిగింది. అక్కడితో ఆగకుండా కంపెనీ పట్టాలు కూడా తీసుకుంటూ పోతే కట్ట బలం తగ్గి, ప్రతి గుంతకూ ఇరుసు వెళ్ళి రబ్బరు స్టాపుకు కొట్టుకుంటుంది, బ్రేకు గట్టిగా వేసినప్పుడు కట్ట మెలిపడి ఇరుసు తిరగబోతుంది. రెండో దారి పట్టా చివర బుష్షు కూర్చునే చుట్టను తిరగేయడం. మామూలుగా ఆ చుట్ట మెయిన్ పట్టాకు పై వైపు తిరిగి ఉంటుంది. దాన్ని కింది వైపుకు చుడితే, ఛాసీకి ఉన్న పిన్ను ఎక్కడిదక్కడే ఉండగా పట్టా ఆ పిన్నుకు పైకి చేరుతుంది; పట్టాతో పాటే ఇరుసు కూడా ఛాసీకి దగ్గరవుతుంది. పట్టాల సంఖ్య తగ్గదు, కట్ట బలం తగ్గదు, బండి మాత్రం ఆ చుట్ట మందం మేరకు దిగుతుంది. మా బండికి ఈ విధంగా మరో అంగుళం పావు వచ్చింది. మొత్తం మీద ముందు భాగం 3¼ అంగుళాలు దిగింది.

ఆ చుట్ట తిప్పే పనిని నేను దగ్గర నిలబడి చూశాను, ఈ షాపు పనితనమంతా అక్కడే ఉంది. మా పాత కంపెనీ పట్టాలను వారు కొలిమిలో పెట్టలేదు. ఈఎన్ 45 రకం స్ప్రింగు ఉక్కు పట్టీలను కొత్తగా తెచ్చి, పాతదాన్ని పక్కన పెట్టుకుని, సుద్దముక్కతో గీతలు గీసి కోశారు. బ్లోయరు పెట్టిన కొలిమిలో పట్టీ చివర నారింజ రంగుకు వచ్చేదాకా ఆగి, బయటికి తీసి, బుష్షు కొలతకు సరిపడే గుండ్రటి కడ్డీ చుట్టూ వంచుతూ సుత్తితో దగ్గరకు నొక్కారు. చుట్ట మొదట్లో, పట్టీకి ఆనుకునే చోట సుత్తి దెబ్బ గాటు పడకుండా మేస్త్రిగారు పడిన జాగ్రత్త చెప్పుకోదగ్గది. కమాన్ పట్టా విరిగితే ఎక్కువగా అటువంటి గాటు నుంచే బీట మొదలవుతుంది. ఆ తర్వాత పట్టా మొత్తాన్ని కాల్చి నూనెలో ముంచారు. అలా ముంచిన ఉక్కు గట్టిపడుతుంది గాని పెళుసుగా ఉంటుంది కనుక, 450 నుంచి 500 డిగ్రీల మధ్య మళ్ళీ వేడిచేసి సాగే గుణం తెప్పించాలి. మేస్త్రిగారి దగ్గర వేడి కొలిచే మీటరు లేదు. ఎండుకర్రను పట్టాకు రుద్ది, కర్ర నుంచి రవ్వలు రాలే తీరును బట్టి వేడిని పట్టుకున్నారు. నేను చూసిన చాలా షాపుల్లో ఈ రెండో కాపు అసలు ఉండదు. చుట్ట తిప్పి, చల్లార్చి, రంగు కొట్టి ఇచ్చేస్తారు, ఆ బండ్లు కొన్నాళ్ళకే ఒక పక్కకు ఒరిగిపోతాయి.

రెండు కట్టలూ సిద్ధమయ్యాక లారీ కట్టలు నొక్కే హైడ్రాలిక్ ప్రెస్సు కింద వాటిని ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, ఒకే ఒత్తిడి దగ్గర రెండూ ఎంతెంత వంగుతున్నాయో టేపుతో కొలిచారు. కుడి కట్ట కొంచెం ఎక్కువ వంగింది. దాన్ని విప్పి, మూడో పట్టా వంపు సరిచేసి మళ్ళీ కొలిచారు. బండికి ఎక్కించాక సమతలమైన గచ్చు మీద నిలబెట్టి మడ్‌గార్డు అంచు నుంచి నేల దాకా తాడుతో చూస్తే ఎడమ కుడుల మధ్య తేడా కనిపించలేదు. ఇంజను, స్టీరింగు పెట్టె, డ్రైవరు అంతా కలిసి బరువు పడే తీరు రెండు పక్కలా ఒకేలా ఉండదని తెలిసి, డ్రైవరు సీట్లో మనిషిని కూర్చోబెట్టి ఈ కొలత తీసుకోవడం నాకు నచ్చిన మరో విషయం.

వెనక భాగాన్ని అంగుళం పావు మాత్రమే దించారు. ఈ నమూనా షెవ్రొలే పికప్‌లో గేరుపెట్టె నుంచి వెనక ఇరుసుకు వెళ్ళే షాఫ్టు ఒక లావుపాటి గొట్టం లోపల దాగి ఉంటుంది, దానికి ముందువైపు ఒకే ఒక జాయింటు ఉంటుంది. వెనక బాగా దించితే ఆ గొట్టం కోణం మారుతుంది కనుక అక్కడ ఎక్కువ ఆశపడకపోవడం మంచిది. అయితే ముందు 3¼, వెనక 1¼ దిగితే ఛాసీ ముందుకు 2 అంగుళాలు వాలుతుంది. 116 అంగుళాల వీల్‌బేస్ మీద 2 అంగుళాలంటే దాదాపు ఒక డిగ్రీ. ఛాసీ ఎంత వాలితే కింగ్ పిన్నుల వెనక వాలు, అంటే మెకానిక్కులు క్యాస్టర్ అనేది, అంత తగ్గుతుంది. క్యాస్టర్ తగ్గిన బండి తిన్నగా పోకుండా రోడ్డు మీద వెతుక్కుంటూ పోతుంది. దించిన పాత బండ్లలో స్టీరింగు నిలవడం లేదని చెప్పేవారి ఫిర్యాదుల్లో చాలా వాటికి ఇదే మూలమని నా అనుభవం. మేస్త్రిగారు ఒక అంచు మందంగా, ఒక డిగ్రీ వాలుతో ఉన్న ఇనప ముక్కలను ఇరుసుకూ కట్టకూ నడుమ, మందపు వైపు వెనక్కి ఉండేలా పెట్టి ఆ నష్టాన్ని పూడ్చారు. తర్వాత నేను రాజమహేంద్రవరంలో కంప్యూటరు అలైన్‌మెంటు చేసే చోట చూపించినప్పుడు రెండు పక్కలా క్యాస్టర్ సమానంగానే వచ్చింది.

దీనితో పాటు చేసిన మిగతా పనులను త్వరగా చెబుతాను. అరిగిన కింగ్ పిన్నుల స్థానంలో కొత్తవి పెట్టి, గన్‌మెటల్ బుష్షులు లేత్ మీద తీయించి రీమరుతో సరిచేశారు. కట్టను ఇరుసుకు పట్టి ఉంచే పాత యు బోల్టులు మళ్ళీ వాడకుండా కొత్తవి వేశారు. ఇరుసు ఛాసీకి దగ్గరైనందువల్ల పాత షాకబ్జర్లు పూర్తిగా ముడుచుకుని అడుగుకు తగులుతాయి కనుక, ఎదురుగా ఉన్న స్పేరు పార్టుల షాపులో పొట్టివి ఎంచుకుని వేశారు. స్టీరింగు నుంచి వచ్చే డ్రాగ్ లింకు కోణాన్ని చూసి, బండి ముందు భాగాన్ని జాకీతో ఎత్తి దించుతూ స్టీరింగు దానంతట అది తిరుగుతోందా అని పరీక్షించారు, తిరగడం లేదు. బ్రేకు గొట్టం రాపిడి పడకుండా క్లిప్పు జరిపారు.

ఇక రోడ్డు మీద బండి ఎలా ఉందన్నది అసలు విషయం. కట్టల ద్వారా దించే పద్ధతిలో ఉన్న పెద్ద గుణం ఒకటి చాలామంది గమనించరు. ఇరుసు ఎత్తును నిర్ణయించేది టైరు మాత్రమే. మేము 16 అంగుళాల పాత కొలత టైర్లే ఉంచాం కాబట్టి ఛాసీ దిగింది గాని ఇరుసు దిగలేదు, వెనక డిఫరెన్షియల్ కూడా దిగలేదు. బండిలో నేలకు అన్నిటికంటే దగ్గరగా ఉండేవి అవే కనుక, బండి కింద కనీస ఖాళీ ముందు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. డ్రాప్ యాక్సిల్ వేసి ఉంటే ఇరుసు నడిమి భాగమే కిందికి వచ్చేది, కాయిల్ స్ప్రింగుల కిట్టు వేసి ఉంటే క్రాస్‌మెంబర్ కిందికి వచ్చేది. డెల్టాలో ఈ తేడాకు చాలా విలువ ఉంది. భారత రహదారుల కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడు బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో మెల్లగా లేచి మెల్లగా దిగాలి. మన ఊళ్ళలో గుడి ముందు, బడి ముందు, ఒక్కోసారి ఇంటి ముందు కూడా పోసే సిమెంటు దిమ్మెలకు ఆ కొలత తెలియదు. కాలువ తూముల మీద రోడ్డు ఒక్కసారిగా లేచి పడుతుంది, ఏటిగట్టు మీంచి లంక దారికి దిగే వాలులో మలుపూ పల్లమూ ఒకేచోట వస్తాయి. కొత్తపేట మీదుగా అమలాపురం వచ్చే దారిలోనూ, అక్కడి నుంచి అంతర్వేది వైపు వెళ్ళే దారుల్లోనూ బండి అడుగు ఎక్కడా తగలలేదు. బస్తాలు వేసి నడిపితే వేరే సంగతి కావచ్చు, ఇప్పుడు మేము ఆ పని దానికి చెప్పడం లేదు.

ఖాళీ బండిలో కుదుపు స్పష్టంగా తగ్గింది. లారీ పట్టాలు పోయినందువల్ల చిన్న గుంతలను కట్టలే మింగుతున్నాయి, స్టీరింగు తన్నడం పోయింది. జొన్నాడ వంతెన అతుకుల మీద ఇదివరకు టకటకమని వినిపించే చప్పుడు ఇప్పుడు మెత్తగా వినిపిస్తోంది. చించినాడ వంతెన మీద పక్కగాలికి ఇదివరకులా భయపడనక్కర్లేదు. ఇది కారు కాదు, ఒకే ఇరుసు మీద రెండు చక్రాలూ ఉన్న బండి కనుక ఒక పక్క గుంతలో పడితే రెండో పక్కకు తెలుస్తూనే ఉంటుంది. కాయిల్ స్ప్రింగుల సుఖం కోరుకునేవారికి ఈ పని తృప్తినివ్వదని నిజాయితీగా చెప్పాలి. వర్షాల్లో రోడ్డు మీద నీళ్ళు నిలిచినప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. ఇరుసు దిగకపోయినా ఫ్యాను మూడు అంగుళాలకు పైగా, గేరుపెట్టె, సైలెన్సరు అంతకంటే కొంచెం తక్కువగా దిగాయి. ఇదివరకు ధైర్యంగా దాటిన నీళ్ళను ఇప్పుడు ఆగి చూసి దాటాల్సి వస్తోంది, గోదావరికి వరద హెచ్చరిక ఉన్న రోజుల్లో లంక దారులకు బండిని అసలు తీయడం లేదు. ఇక చూపు విషయానికి వస్తే, గుండ్రటి మడ్‌గార్డు కింద టైరు పైభాగం సరిగ్గా దాగి, బానెట్టు గీత నుంచి వెనక తొట్టి అంచు దాకా ఒకే వాలులో కనిపిస్తున్న ఈ బండిని చూసినప్పుడు, దీన్ని గీసినవారి మనసులో ఉన్న రూపం ఇదేనేమో అనిపిస్తుంది.

లోపాలు కూడా చెప్పాలి. లారీల పని ఈ షాపుకు అన్నం పెట్టే పని కనుక కోతల కాలంలో, సంక్రాంతి ముందు పాత బండ్లకు వంతు వెనక పడుతుంది. మా బండి చెప్పిన గడువు దాటి చాలా రోజులు అక్కడే ఉండిపోయింది, పైన కప్పు లేని చోట ఎండకూ వానకూ నిలబడింది. టార్పాలిన్ మేమే తెచ్చి కప్పుకున్నాం. పట్టాలకు బయటి వైపు మాత్రమే రంగు వేసి బిగించబోతే, సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో తిరిగే బండి అని చెప్పి, ఒక్కొక్క పట్టాకు అన్ని వైపులా ప్రైమరు వేయించి, పట్టాల నడుమ గ్రాఫైటు గ్రీజు పెట్టించాల్సి వచ్చింది. చెప్పాక విసుగు లేకుండా చేశారు గాని, చెప్పకముందే చేయాల్సిన పని అది. పెద్ద కర్మాగారాల్లో పట్టా ఉపరితలాన్ని చిన్న చిన్న ఉక్కు గుండ్లతో కొట్టించి దాని ఆయుష్షు పెంచుతారు. ఆ సౌకర్యం ఇక్కడ లేదు కాబట్టి, ఈ కట్టలు కంపెనీ కట్టలంత కాలం నిలుస్తాయని ఆశించడం లేదు. బిల్లు అడిగితే తప్ప రాయరు. రాసిన బిల్లులో కూడా ఏ రకం ఉక్కు వాడారో ఉండదు. వింటేజ్ నంబరు కోసమైనా, తర్వాత బండి కొనేవారి కోసమైనా ఆ కాగితం కావాలి కనుక గట్టిగా అడిగి రాయించుకోవాలి.

ముందు, వెనక కట్టల పనికి ఉక్కు, కూలీ కలిపి 36,000 రూపాయలు తీసుకున్నారు. కింగ్ పిన్నులు, షాకబ్జర్లు, అలైన్‌మెంటు ఖర్చు వేరు. చేసిన పనికి ఇది న్యాయమైన ధర. కమాన్ కట్టలున్న ఏ పాత బండికైనా, అది షెవ్రొలే కావచ్చు, డాడ్జ్ కావచ్చు, ఫార్గో కావచ్చు, విల్లీస్ జీపు కావచ్చు, ఈ షాపును నేను నిశ్చింతగా సూచిస్తాను. అంబాసిడర్‌లా ముందు కట్టలకు బదులు టార్షన్ బార్లు (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఉన్న బండ్ల ముందు భాగానికి వీరి దగ్గర పని లేదు; ఆ బండ్ల సర్దుబాటు వేరు.

వెళ్ళేవారు బండి వదిలే ముందే నాలుగు మూలలా మడ్‌గార్డు ఎత్తు కొలిచి కాగితం మీద రాసి మేస్త్రిగారికి ఇవ్వాలి, ఎన్ని అంగుళాలు దిగాలో అప్పుడే తేల్చుకోవాలి. కట్టలు ఎక్కాక మొదటి 500 కిలోమీటర్లలోపు బండిని మళ్ళీ తీసుకువెళ్ళి యు బోల్టులు బిగింపు చూపించుకోవాలి, కొత్త పట్టాలు సర్దుకునేటప్పుడు అవి తప్పక కొంత వదులవుతాయి. దీనికి వారు డబ్బు అడగరు. పాత కట్టలను, పట్టాలను కలిపి ఉంచే సెంటర్ బోల్టులతో సహా, అడిగి తెచ్చుకోవాలి. అడగకపోతే అవి షాపు వెనక ఇనప గుట్టలో కలిసిపోతాయి. మావి గ్రీజు పూసి, గోనెసంచిలో చుట్టి, ఏ పక్కది ఏదో సుద్దతో రాసి ఇచ్చారు.